కుమెజి తాత వేగం

సుజునె మా యునోసె ఊళ్ళో పెట్టిన మొదటి అడుగు రొయ్యల మీద పెట్టింది.

నా పేరు షిమకిచి. మంగలి షాపు నాది. నేను చెప్పేదాంట్లో సగం తీసేసి మిగతాది నమ్మాలని ఊళ్ళో ఓ మాట ఉంది. ఈ ముక్క మాత్రం తీసెయ్యకండి, కళ్ళారా చూశాను. మే నెల, పొద్దుటి పూట. ఏటికి తూర్పు గట్టున గులకరాళ్ళ మీద నల్ల వలలు పరిచి, వాటి మీద గులాబీ రంగు చిట్టి రొయ్యలు ఎండబోశారు. ఒడ్డు పొడుగునా పెళ్ళికూతురి పట్టుబట్ట ఆరేసినట్టుంది. నేనేమో కుమెజి గాడి గడ్డం గీస్తున్నాను. వాడు షాపుకి రమ్మంటే రాడు, రొయ్యల దగ్గర్నుంచి కదలడు. అందుకని కత్తీ సబ్బూ పట్టుకుని నేనే వెళ్తాను.

బస్సు దిగిన ఆ పిల్ల ఫోన్లో దారి చూసుకుంటూ, తలెత్తకుండా, తిన్నగా వల మీదికి నడిచొచ్చింది.

"ఏయ్! ఆగండి! కదలకండి!" కుమెజి మనవడు సెయిగో అరిచాడు.

ఆమె ఒంటికాలి మీద బిగుసుకుపోయింది. "ఏంటి? పామా?"

"పాము కాదు, రొయ్యలు! రొయ్యల మీద నుంచున్నారు!"

ఆమె కిందికి చూసింది. "అయ్యో, కార్పెట్ అనుకున్నాను."

"ఏటి ఒడ్డున కార్పెట్ ఎవడేస్తాడండీ?"

"జాజ్ ఉత్సవం జరిగిన చోటు ఇదేనని చెప్పారు. ఊరివాళ్ళు నాకోసం వేశారేమోనని..." అంటూనే తన మాటకి తనే ఎర్రబడింది. కాసేపు రొయ్యలకీ ఆమె ముఖానికీ తేడా తెలియలేదు.

"ఎత్తిన కాలు అలాగే ఉంచండి. ఆ రెండోది... అటు కాదు, ఇటు! అయ్యో, ఆ కాలు కాదు!"

"నాకున్నవి రెండే కాళ్ళండీ! ఏదో ఒకటి నేల మీద పెట్టనివ్వండి!"

చివరికి సెయిగో చెయ్యి చాచాడు. ఆమె అతని భుజం పట్టుకుని కొంగలా గెంతుకుంటూ బయటపడింది. బయటపడ్డాక ఆ చెయ్యి భుజం మీంచి తియ్యడం కాస్త ఆలస్యమైంది. చూస్తూ చూస్తూ నా కత్తి ఆగిపోయింది.

"ఒరేయ్ షిమకిచి," అన్నాడు కుమెజి సబ్బు నురగలోంచి, "నా చెవి ఇంకా అక్కడే ఉందా?"

ఆ పిల్ల టోక్యో నుంచి వచ్చింది. మరుగున పడ్డ పాత టేపులు వెతికి, శుభ్రం చేసి, రికార్డులుగా వేసే చిన్న కంపెనీలో పని. మేం వయసులో ఉన్న రోజుల్లో ఇదే గట్టున ప్రతి వేసవీ జాజ్ ఉత్సవం జరిగేది. ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి వాయించేవారు. అదంతా టేపు చేసినవాడు గిహెయి, పడమటి గట్టున కాఫీ కొట్టు నడిపేవాడు. వేదిక మీద నుంచుని వాయించేవాళ్ళ పేర్లు చెప్పిందీ వాడే. వాడు పోయాడు, ఉత్సవమూ పోయింది. టేపులు మాత్రం వాడి భార్య హత్సుయె కొట్టులో అటక మీద మిగిలాయి. ఈ ఆగస్టులో ఉత్సవం మళ్ళీ మొదలెడదామని ఊరు తీర్మానించింది. ఆ లోపు రికార్డు రావాలి.

ఆ టేపులన్నిట్లోకీ రాజులాంటిది ఒకటుంది. కుమెజి సాక్సాఫోన్ వాయించిన టేపు. జపాన్ మొత్తం మీద అంత వేగంగా వాయించినవాడు లేడని మా ఊరి నమ్మకం. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను కాబట్టి చెబుతున్నాను. వాడి వేళ్ళు వేడెక్కి పొగలొస్తే ఏట్లోంచి బకెట్టుతో నీళ్ళు తెచ్చి పోశాం. ఆ నీళ్ళలో ఉన్న చేప ఉడికిపోయింది. సరే, దీంట్లో సగం తీసెయ్యండి. అసలు సంగతేంటంటే ఆ రోజు అందరం పూటుగా తాగి ఉన్నాం, కుమెజితో సహా. ఏం వాయించాడో వాడికే గుర్తు లేదు. మర్నాడే ట్యూనా చేపలు పట్టే ఓడెక్కి సముద్రం మీదికి పోయాడు. ఏళ్ళ తర్వాత తిరిగొచ్చి, గిహెయి కొట్టులో కూర్చుని ఆ టేపు మొదటిసారి విన్నాడు. ఇంటికెళ్ళి సాక్సాఫోన్ తీసి అలాగే వాయించబోయాడు. వేళ్ళు రాలేదు. "ముసలాణ్ణైపోయాను," అని దాన్ని పెట్టెలో పెట్టి మూసేశాడు. అప్పటికి వాడికి నలభై కూడా లేవు.

ఆ పెట్టె సెయిగో చేతికొచ్చింది. వాడు పసితనం నుంచీ, కాఫీ కొట్టులో తీసిన ఆ టేపు నకలుతో పోటీ పడి వాయించాడు. బాగా వాయించాడు కూడా. కానీ తాత వేగం అందలేదు. చివరికి "తాత రక్తం నాలో పారలేదు" అని వాడూ పెట్టె మూసేశాడు. ఇప్పుడు తాత పాట మనవడే వాయించాలని ఉత్సవం కమిటీవాళ్ళు వెంటపడుతున్నారు. వాడు రొయ్యలు తిరగేస్తూ "నా వల్ల కాదు" అంటాడు. నోరు ఆ మాట అంటున్నప్పుడు కూడా వేళ్ళు మాత్రం చేట అంచు మీద ఏదో వాయిస్తూనే ఉంటాయి.

సుజునె కాఫీ కొట్టులో మూల బల్ల ఆక్రమించింది. టేపులు తిప్పేది గిహెయి మెషినే. బట్టల పెట్టెంత ఉంటుంది, ఇప్పటికీ తిరుగుతుంది. దానికి తన కంప్యూటర్ తగిలించుకుని, చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చునేది. మధ్యాహ్నం కాగానే సెయిగో రొయ్యల పకోడీ పట్టుకొచ్చేవాడు.

"మళ్ళీ రొయ్యలా?"

"తొక్కినవాళ్ళకి శిక్ష. అన్నీ తినేదాకా ఊరు దాటనివ్వం."

"నేను తొక్కింది గుప్పెడు. మీరు పెట్టింది ఇప్పటికి గంపెడు."

"ఆ గుప్పెడు రొయ్యలకి చుట్టాలూ పక్కాలూ ఉండరా ఏంటి?"

లోపల్నుంచి హత్సుయె దగ్గింది. నేను కాఫీ తాగుతూ న్యూస్ పేపరు అడ్డం పెట్టుకున్నాను. పేపరు తలకిందులుగా ఉందని హత్సుయె చెబితే గానీ తెలియలేదు.

"సెయిగో సాన్, మీరు వాయిస్తారట కదా."

"వాయించేవాణ్ణి."

"మానేసినవాళ్ళ వేళ్ళు బల్ల మీద అలా ఆడవు."

సెయిగో చేతులు బల్ల కిందికి పెట్టేశాడు. "తాత టేపు విన్నారుగా. సగం దాకా పరిగెడతాను. ఆ తర్వాత ఆయన వీపు కూడా కనబడదు నాకు."

"సంగీతం అంటే వేగమేనా?"

"వేగంగా వాయించలేనివాళ్ళు అనే మాట అది."

"నాకసలు వాయించడమే రాదు. అందుకని నేనంటే తప్పులేదు," అంది సుజునె పకోడీ కొరుకుతూ.

వాడు నవ్వాడు. ఆ నవ్వు చూసి ఆమె పకోడీ నమలడం మర్చిపోయింది. ఇలాంటివి చూడ్డానికి మంగలివాడికి అద్దం అక్కర్లేదు.

వారం తిరక్కుండానే సుజునె ఓ రోజు హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టింది.

"హత్సుయె గారూ, మీ ఊళ్ళో చప్పట్లు ఇంత గబగబా కొడతారేంటి? కోళ్ళు రెక్కలు కొట్టుకున్నట్టుంది. కుమెజి తాతగారికే కాదు, టోక్యో బ్యాండుకీ అంతే. అందరూ ఉరుకులూ పరుగులే. మీవారి గొంతు కూడా... కోపం తెచ్చుకోకండి... దోమలా ఉంది."

"మెషిన్లో ఎవరి గొంతైనా అంతేగా అమ్మా. ఆయనది ఎద్దు రంకె. టేపులోకెళ్ళి దోమైపోయాడు. అందుకే నేనవి వినను." హత్సుయె కప్పులు తుడుస్తూ అంది. "అసలీ మెషిన్ల మాట నా దగ్గరెత్తకు. కాపరానికొచ్చినప్పుడు ఆ గట్టు నుంచి పుట్టింటి రికార్డు ప్లేయరు తెచ్చుకున్నా. ఇక్కడ పెడితే ఎంతటి గాయకుడూ పాలు తాగే పిల్లాడిలా పాడేవాడు. మా అత్త ఊరంతా చెప్పుకుని నవ్వింది. ఏరు దాటొచ్చే కోడలు కరెంటు సామాను తేకూడదనేవారు మా రోజుల్లో."

"ఏరు దాటితే ఏమవుతుంది?"

ఈ సంగతి మా ఊరి ముసలాళ్ళందరికీ తెలుసు, కుర్రాళ్ళెవరికీ తెలియదు. పూర్వం దేశానికి కరెంటు తెచ్చిన పెద్దలు తూర్పున ఓ దేశపు యంత్రాలు కొన్నారు, పడమట ఇంకో దేశపువి కొన్నారు. ఆ రెండూ కలిసే గీత మా ఏట్లోంచి పోతుంది. తూర్పు గట్టు కరెంటు నెమ్మది, పడమటి గట్టు కరెంటు హుషారు. ఇప్పటి సామాన్లు రెంటికీ సర్దుకుంటాయి. అప్పటివి సర్దుకునేవి కావు, హుషారు కరెంటు తగిలితే గబగబా తిరిగేవి.

నేనది చెప్పగానే సుజునె లేచి నుంచుంది. "ఉత్సవం ఆ గట్టున జరిగింది. గిహెయి గారు ఇదే మెషిన్ని మోసుకెళ్ళి, అక్కడి కరెంటు మీద టేపు చేశారు. తెచ్చి ఈ గట్టున విన్నారు. అంతేనా?"

"అంతే. అయితే?"

"అక్కడ నెమ్మదిగా తిరిగిన టేపు ఇక్కడ గబగబా తిరుగుతోంది! ఇన్నేళ్ళుగా!"

హత్సుయె చేతిలో కప్పు జారి సింకులో పడింది. నేను పేపరు దించేశాను. కరెంటు సంగతీ తెలుసు, టేపు సంగతీ తెలుసు. ఆ రెంటినీ ఒక్కచోట పెట్టి చూడాలని మా ముసలి బుర్రలకి ఏనాడూ తట్టలేదు.

సుజునె కంప్యూటర్లో ఏదో సరిచేసి, ఫోన్లోకి ఎక్కించుకుని వంతెన మీదికి పరిగెత్తింది. గొడుగు పట్టుకుని నేనూ వెనకాలే బయల్దేరాను. పని లేక కాదు, ఉండబట్టలేక.

మేం గట్టు దిగేసరికి వాన మొదలైంది. రొయ్యలు తడిస్తే అంతే సంగతులు. సెయిగో వలలు చుట్టుకుంటూ షెడ్డుకేసి పరిగెడుతున్నాడు. సుజునె వెళ్ళి వల రెండో కొస పట్టుకుంది. జుట్టు బుగ్గలకి అంటుకుపోయింది. చుట్టడం ఇలా, సంగతి చెప్పడం అలా, రెండూ ఒక్క ఊపిరిలో కానిచ్చింది.

"... కాబట్టి మీ తాతగారు అంత వేగంగా వాయించలేదు. కంప్యూటర్లో అసలు వేగానికి దించాను. వినండి!"

షెడ్డు చూరు కింద నుంచుని ఫోను వాడి చెవికి ఆనించింది. సెయిగో కాసేపు విన్నాడు. ముఖం తెల్లబడింది. ఫోను తోసేశాడు.

"కంప్యూటర్‌తో గాడిదని గుర్రం చెయ్యొచ్చు, గుర్రాన్ని గాడిదా చెయ్యొచ్చు."

"గాడిదా? అసలు విన్నారా మీరు?"

"ఊరంతా బ్యానర్లు కట్టారు, జపాన్లోకెల్లా అతి వేగం అని. ఓడల్లో అన్నేళ్ళు చాకిరీ చేస్తే మా తాతకి మిగిలింది నడుం నొప్పీ ఆ ఒక్క మాటా. నడుం నొప్పి ఆయనకి ఉంచి, మాట మీరు పట్టుకుపోతారా?"

"మరి మీ సంగతేంటి? మీరు పెట్టె మూసింది దేనికోసం? అసలు లేని వేగం కోసం!"

చూరు నీళ్ళు సెయిగో భుజం మీద పడుతున్నాయి, జరగలేదు.

"నా గొడవ వదిలెయ్యండి," అన్నాడు చివరికి. "తాతకి మాత్రం చెప్పొద్దు. టేపు ఉన్నదున్నట్టు వేసెయ్యండి."

"తప్పని తెలిసి వెయ్యలేను. కావాలంటే రికార్డే మానేసి వెళ్ళిపోతాను."

"అయితే వెళ్ళండి!"

"రేపు పొద్దుటి బస్సుకే వెళ్తాను!"

"ఏంట్రా అది, నాకు చెప్పకూడనిది?"

షెడ్డు లోపల, రొయ్యల బుట్టల వెనక నుంచి కుమెజి లేచాడు. వానకి ముందుగానే వచ్చి అక్కడ కునుకు తీస్తున్నాడని మాకెవరికీ తెలియదు.

"షిమకిచి, నువ్వు చెప్పు. నీకు నోరు ఆగదుగా."

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నాకు నోరు ఆగింది. అందరం సుజునె వైపు చూశాం. ఆమె చున్నీలాంటి తన మెడ గుడ్డ నీళ్ళు పిండుకుంటూ, "అది మీ మనవడు చెప్పాలి తాతగారూ. నేను చెప్పను," అంది.

సెయిగో ఆమె వైపు చాలాసేపు చూశాడు. ఒక్క మాటతో ఊరి నమ్మకం కూల్చగలిగిన పిల్ల, ఆ మాట వాడి చేతిలో పెట్టి ఊరుకుంది. వాడి కోపం ఎటు పోయిందో వాడికే తెలియలేదు.

"నేను చెబితే నువ్వు నమ్మవు తాతా. కంప్యూటర్ చెబితే నేను నమ్మను," అన్నాడు. "అదే టేపు, అదే మెషిన్, అప్పుడు వాడిన ఈ గట్టు కరెంటే. నువ్వే విను. షిమకిచి బాబాయ్, రొయ్యల బండి తియ్యి."

అలా ఆ వానలో మా ఊరేగింపు వంతెన దాటి వెళ్ళి, మళ్ళీ వంతెన దాటి వచ్చింది. బండి మీద గిహెయి మెషిన్. దాని మీద నా షాపులో జుట్టు కత్తిరించేటప్పుడు మెడకి కప్పే తెల్లగుడ్డలు. వాటి మీద నా గొడుగు. సుజునె తల మీద ఏమీ లేదు కాబట్టి సెయిగో తన కోటు తీసి ఆమె తల మీద పడేశాడు. ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు, కోటు మాత్రం వెనక్కి రాలేదు. వెనకాల ఫ్లాస్కులో టీ పట్టుకుని హత్సుయె.

షెడ్డులో ప్లగ్గు పెట్టారు. చక్రాలు కదిలాయి. మెల్లగా కదిలాయి.

"ఇప్పుడు వాయించేవాడు మా కుమెజి!" ఎద్దు రంకె వేసినట్టు గిహెయి గొంతు షెడ్డంతా నిండింది. "వీడు తాగి ఉన్నాడు! మీరూ తాగే ఉన్నారు కాబట్టి ఇబ్బంది లేదు!"

హత్సుయె రొయ్యల బుట్ట మీద కూలబడింది. "ఇదీ! ఇదీ మా ఆయన! ఇన్నేళ్ళూ దోమలా ఎందుకు మాట్లాడావయ్యా!" అని మెషిన్ని తిట్టింది. తిడుతూ కళ్ళు తుడుచుకుంది.

తర్వాత పాట.

నేను బకెట్టు నీళ్ళ కథ చెప్పాను చూశారూ, దాన్ని మొత్తం తీసెయ్యండి. ఆ పాటలో పొగా లేదు, పరుగూ లేదు. ఏరు సముద్రం దగ్గరికొచ్చాక ఎలా నెమ్మదిస్తుందో అలా ఉంది. ఓ స్వరం వచ్చి కూర్చుంటుంది, కాస్త ఆలోచించి లేస్తుంది. నడుమ కుమెజి ఊపిరి పీల్చడం వినబడింది. చివర్న చప్పట్లు, మనుషులు కొట్టేలాంటి చప్పట్లు.

టేపు అయిపోయి కొస టపటప కొట్టుకుంటోంది. ఎవరూ ఆపలేదు. అందరి చూపూ కుమెజి మీదే. సెయిగో పిడికిళ్ళు బిగుసుకుని ఉన్నాయి.

"ఇది నేనేనా?" అన్నాడు కుమెజి.

"నువ్వే తాతా. అంత వేగంగా నువ్వెప్పుడూ వాయించలేదు."

కుమెజి గడ్డం గోక్కున్నాడు. "అయితే... నేనప్పుడు ముసలాణ్ణి కాలేదన్నమాట."

గిర్రున నావైపు తిరిగాడు.

"ఒరేయ్ షిమకిచి! నలభై రాకుండానే నన్ను ముసలాణ్ణి చేసేశాడ్రా ఆ గిహెయి గాడు! చేతగానివాణ్ణైపోయానని పెట్టె మూసేసి, రొయ్యలు ఎండబెట్టుకుంటూ బతికానురా!" అంటూ నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వీ నవ్వీ కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. "పైన కనబడనీ, వాడి సంగతి చెబుతాను."

"నా వంతు కూడా నాలుగు తగిలించు," అంది హత్సుయె.

"బ్యానర్లు, తాతా?" అన్నాడు సెయిగో. "అతి వేగం అని ఊరంతా..."

"పీకి పారెయ్యండి. రైలు నాకంటే వేగం. రైలు వాయించగలదా ఇది?"

సెయిగో బండి మీది గుడ్డల కిందనుంచి నల్లపెట్టె తీశాడు. దాన్నక్కడ ఎప్పుడు పెట్టాడో ఇంత కన్నున్న నేనే చూడలేదు. తాత ముందు పెట్టి తెరిచాడు.

కుమెజి సాక్సాఫోన్ ఎత్తి నాలుగు స్వరాలు వాయించాడు. వేళ్ళు వచ్చాయి. అయిదోదానికి ఊపిరి రాలేదు. దగ్గుతూ, నవ్వుతూ దాన్ని మనవడి చేతిలో పెట్టాడు. "ఇప్పుడు నిజంగానే ముసలాణ్ణి. మిగతాది నువ్వు కానియ్యి."

సెయిగో పెదాలకి ఆనించుకున్నాడు. ఇన్నేళ్ళు గుర్రంలా పరిగెత్తించిన వేళ్ళని మొదటిసారి నడవనిచ్చాడు. పరిగెత్తడం వచ్చినవాడు నడిస్తే ఆ నడక అందమే వేరు. తాత వాయించినట్టు లేదు అది. తాత కంటే కాస్త బెరుకుగా, వానని కూడా వింటూ వాయిస్తున్నట్టుంది. సుజునె కోటు కొస నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. ఇంకో చేత్తో ఫోను ఎత్తి పట్టుకుని అదంతా రికార్డు చేస్తోంది. ఉద్యోగం ఉద్యోగమే.

పాట అయ్యాక సెయిగో నావైపు తిరిగాడు. "కమిటీవాళ్ళకి చెప్పు బాబాయ్. ఆగస్టులో వాయిస్తాను."

ఆ తర్వాత ఆమె వైపు తిరిగాడు.

"సుజునె."

పేరు చివర మర్యాదకి తగిలించే 'సాన్' లేదు. హత్సుయె నన్ను మోచేత్తో పొడిచింది. సుజునెకి కూడా వినబడినట్టుంది, ఫోను దించేసింది.

"రేపటి బస్సుకి..." అన్నాడు వాడు.

"ఊఁ. వెళ్ళమన్నావుగా," అంది. 'మీరు' ఆమె నోటా ఊడిపోయింది.

"అన్నాను. కానీ..." ఓ మాట వచ్చి కూర్చుంది. కాస్త ఆలోచించింది. లేవలేదు. "అంటే... నేను... ఆ మొదటి రోజు నువ్వు..."

వాన కురుస్తోంది. మేం ముగ్గురు ముసలాళ్ళం ఊపిరి బిగబట్టి నుంచున్నాం. నాకైతే కాలు తిమ్మిరెక్కింది.

"ఒరేయ్!" కుమెజి అరిచాడు. "నెమ్మది పాటకిరా, ఈ మాటకి కాదు! నేను బతికుండగా చెప్పెయ్యి! గబగబా!"

చెప్పాడు. ఎంత గబగబా చెప్పాడంటే, మా ముగ్గురిలో ఒక్కరికీ ఒక్క ముక్క అందలేదు.

ఆ పిల్లకి అందింది.